పది రోజుల నీళ్లు

మోషే మా కుండలో నీళ్లు ఎందుకు తాగేవాడు కాదు?

ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న నాలో ఉంది. మనిషి పోయి ఆరేళ్లయినా అది పోలేదు. సేక్కాన్ రేవులో మధ్యాహ్నం దాకా బస్తాలు మోసి, చొక్కా వీపుకి అంటుకుపోయి, మా వీధిలోకి తిరిగేవాడు. మా బిల్డింగు మెట్ల పక్కనే మా నాన్న పెట్టిన నీళ్ల గూడు. ట్వంటే ఊళ్లో చేసిన మూడు మట్టి కుండలు, వాటి మీద నాన్న పేరు, మూతలు, మూతల మీద గ్లాసులు, పైన నామాలు దిద్దిన పలక. రిక్షా తొక్కేవాడు తాగేవాడు. చేపల బుట్ట దింపుకుని బర్మా ఆడవాళ్లు తాగేవారు. మోషే మాత్రం ఒకసారి అటు చూసి, నాలుగో అంతస్తులో తన ఇంటి దాకా దాహంతోనే ఎక్కిపోయేవాడు.

నాతో పలకరింపు ఉండేది, నవ్వు ఉండేది. నీళ్లు మాత్రం ముట్టేవాడు కాదు. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఎందుకు తాగవని ఒక మనిషిని ఎలా అడుగుతాం?

ఆ ఉదయం దేవుడి దగ్గర దీపం పెడుతుంటే మళ్లీ అదే గుర్తొచ్చింది. వెనక గదిలో మా పిల్లలిద్దరి గొంతులూ అప్పటికే పెరిగాయి.

"సంతకం పెట్టడానికి నీకేటి నొప్పి?" అంటున్నాడు కోటిబాబు. మా పప్పుల కొట్టు ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. కొట్టు తెరిచే వేళ దాటిపోయినా కదల్లేదు.

"నొప్పి కాదన్నయ్యా. అబద్ధం," అంది మణిమాల.

"అయితే నాన్నకి చదివి వినిపించు. అబద్ధవో కాదో ఆయనే చెప్తాడు."

మణిమాల రెండేళ్లు పసిఫిక్ సముద్రంలో నువాలే అనే చిన్న దీవిలో ఉండి, వాననీటి ట్యాంకులు కట్టించి, నెల కిందటే ఇంటికి వచ్చింది. ఒక పెద్ద దేశం డబ్బిస్తుంది. ఆ డబ్బు ఒక కంపెనీకి వస్తుంది. కంపెనీ నుంచి దీవి ఉన్న దేశపు రాజధానికి, అక్కడి నుంచి జిల్లా ఆఫీసుకి, అక్కడి నుంచి దీవికి. ఇన్ని చేతులు దాటి వచ్చాక ఆఖరికి సిమెంటు కలిపించేది మా అమ్మాయి. కట్టిన రెండు ట్యాంకుల్లో పెద్దదాన్ని సగం ఊరు, కింది వాడ మొత్తం, ముట్టడం లేదట. దాని మీద కంపెనీ రాసిన రిపోర్టు ముందురోజు రాత్రి వచ్చింది. సాయంత్రంలోగా మణిమాల సంతకం పెట్టి పంపాలి.

తను ఫోను తెరిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది.

"స్థానిక పెద్దల్లో నాయకత్వం బలహీనంగా ఉన్నందున, ప్రజలు సహకరించనందున, పథకం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఇంతే నాన్నా."

"నిజమే గదా," అన్నాడు కోటిబాబు. "వాళ్లు తాగట్లేదని నువ్వే అన్నావు."

"తాగట్లేదన్నాను. ఎందుకు తాగట్లేదో నాకు తెలీదని కూడా అన్నాను. రెండోది వాళ్లు రాయలేదు."

పొయ్యి దగ్గర నుంచి మా ఆవిడ సింహాచలమ్మ తల తిప్పింది. "ఎవలో రాసినదానికి ఈ గుంట పేరెందుకురా?"

"అమ్మా, నువ్వు ఊరుకో. ఉద్యోగం అంటే అంతే."

"పెట్టకపోతే ఏటవుద్ది?" అని అడిగాను నేను.

"వచ్చే నెల ఇంకో దీవికి పంపాలి నన్ను. పంపరు."

"పెడితే?"

మణిమాల ఫోను అద్దాన్ని వేలితో తుడిచింది.

"నువాలే పేరు కొట్టేస్తారు. రెండో విడత ట్యాంకులు వాళ్లకి రావు. సహకరించని ఊళ్లు అని ఒక లిస్టు ఉంటుంది నాన్నా. అందులోకి వెళ్తే ఇంకెవరూ తొంగి చూడరు. కింది వాడ పిల్లలు ఉప్పు బావి నీళ్లే తాగాలి. పోయిన ఏడు ఇద్దరు పిల్లలు విరేచనాలతో పోయారు. నేను చూశాను."

కోటిబాబు గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఇక్కడేటుంది నీకు? రోజుకి నాలుగ్గంటలు కరెంటు. మనింట్లో బయటికి వెళ్లే దారి ఉన్నది నీకొక్కదానికే. దాన్ని నీ చేత్తో నువ్వే మూసుకుంటానంటావు."

వాడి కోపంలో ప్రేమ ఉంది. అది నాకు తెలుసు, దానికీ తెలుసు.

నాకు ఆ తుపాను ఏడు గుర్తొచ్చింది. రెండువేల ఎనిమిది. మణిమాలకి పదిహేడేళ్లు. కోవెల వాళ్లూ చర్చి వాళ్లూ కలిసి బియ్యం, బట్టలు పట్టుకుని ట్వంటే కాలవ మీద పడవల్లో వెళ్తుంటే, వద్దన్నా వినకుండా వెంట వెళ్లింది. మూడోరోజు మోకాళ్ల దాకా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్నా, ఆ ఊరికి బిస్కెట్లు వచ్చాయి. నీళ్లు రాలేదు," అంది. వాళ్ల చెరువులోకి సముద్రం వచ్చి పోయిందట. ఆ మాట దానిలో అలాగే ఉండిపోయింది. చదివింది అదే, చేసేది అదే.

అదే కాలవ మీద అంతకు చాలా ముందు మా నాన్న నన్ను కూర్చోబెట్టుకుని కుండలకి వెళ్లేవాడు. ఏటా ఎండలు ముదరకముందే. కుమ్మరి వాకిట్లో ప్రతి కుండనీ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తిరుగు పడవలో మూడు కుండలూ గడ్డిలో, నేను ఆయన ఒళ్లో. నీటి మీద నుంచి వచ్చే ఆ తడి మట్టి వాసన ఇప్పటికీ ఎప్పుడైనా నిద్రలో వస్తుంది. అరవై నాలుగులో బర్మా వదిలి, సామాన్లు కట్టుకుని ఓడెక్కిన మనవాళ్లు చాలామంది మా బోటాటౌంగ్ పేటలో ఆఖరి గుక్క మా గూడు దగ్గరే తాగి వెళ్లారని ఆయన చెప్పేవాడు. ఉండిపోయినవాళ్లం ఉండిపోయాం.

తలుపు దగ్గర బకెట్టు దించిన చప్పుడైంది.

"మూడంతస్తులకీ ఇనిపిస్తన్నాది మీ ఇంటి రేడియో," అంది మార్గరెట్.

మోషే భార్య. కరెంటు లేక మోటారు ఆడని రోజుల్లో, కూతురు వెరోనికా ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక, కింద తొట్టెలోంచి నీళ్లు తనే మోసుకుంటుంది. మొదటి అంతస్తులో మా గుమ్మం దగ్గర ఒకసారి కూర్చుని ఊపిరి తీసుకోవడం అలవాటు.

"రా వదినా, కూకో," అంది సింహాచలమ్మ. "టీ తాగి ఎల్దువుగాని."

"తాగుతాను. ముందు ఈ గుంట ఎందుకలగ మొగం ఏలాడేసుకుందో సెప్పండి."

మణిమాలే చెప్పింది. "మంచి నీళ్లు ఆంటీ. నేనే పరీక్ష చేయించాను. ట్యాంకు ఊరి మధ్యలోనే ఉంది. కింది వాడ ఆడవాళ్లు రోజూ దాని పక్క నుంచే నడిచి, ఇంకో మైలు వెళ్లి ఉప్పు బావిలో తోడుకుంటారు. ఎందుకని అడిగితే నవ్వుతారు. మీటింగు పెడితే, చాలా బాగుంది, చాలా థ్యాంక్స్ అంటారు. మళ్లీ బావికే వెళ్తారు."

మార్గరెట్ టీ గ్లాసు పట్టుకుని నవ్వింది. "మా మోసే లాగే ఉన్నారు ఆల్లు."

ముప్పై ఏళ్ల మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"మార్గరెట్టూ, మోసే మా కుండలో నీల్లు ఎందుకు తాగీవోడు కాడు?"

ఆమె నా వైపు చూడలేదు. మా ఆవిడ వైపు చూసింది. "సెప్పమంటావేటి వదినా?"

"సెప్పు," అంది సింహాచలమ్మ.

"నీకు తెలుసా?" అన్నాను మా ఆవిడతో.

"ఎప్పుడో తెలుసు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు అడగనేదు," అని పొయ్యి వైపు తిరిగిపోయింది.

మార్గరెట్ గ్లాసు కింద పెట్టింది. "కుండలు నింపినాక పొద్దుట నువ్వు ఆట్లో ఏటేస్తావన్నా?"

"తులసాకు."

"దేనికి?"

"మంచిది గనక. నాన్న ఏసీవోడు, నానూ ఏస్తాను."

"మరైతే అది తీర్తవే గదా. మీ దేవుడికి పెట్టినది మేం ముట్టం, నీకు తెల్దా? పైన పలక మీద నావాలు, కింద మీ నాన్న పేరు. నీ గురించే, 'వాసుదేవరావన్న మనసు మంచిదే, గాని ఆ నీల్లు ఆల్ల దేవుడివి' అనీవోడు మా ఆయన."

దాహం వేసిన ఎవరైనా తాగాలనే కదా గూడు పెట్టింది. వచ్చిన ప్రతివాడిలోనూ స్వామే ఉన్నాడనుకుని కదా ఆకు వేసింది. నా భక్తే ఒక మనిషికి అడ్డంగా నిలబడిందని నాకు ఎలా తెలుస్తుంది? లేక తెలుసుకోవాలని నేనే అనుకోలేదా? మోషేకి కొంచెం గర్వం అని మనసులో అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

"ఒక్క మాట సెప్పొచ్చు గదా నాకు," అన్నాను.

"నేనూ అన్నాను. 'సెప్తే ఆకు మానేస్తాడు. ఆయన బక్తి నానెందుకు సెడగొట్టాల? నాలుగంతస్తులే గదా దాహం' అన్నాడు."

సింహాచలమ్మ ఆమె గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.

"ఒక పది రోజులు తాగినాడులే," అంది మార్గరెట్ మళ్లీ, నన్ను తేలిక చేయడానికన్నట్టు. "మీ నాన్న పోయినప్పుడు మీకు మైల. కుండలు ముట్టకూడదని నువ్వు గుమ్మంలో ఏడుస్తా కూకున్నావు. మీ మైల తీరేదాకా నేనే నింపినాను. ఆకు నేదు, బొట్టు నేదు. రోజూ రెండేసి గ్లాసులు తాగి మరీ మెట్లెక్కీవోడు. ఆ పది రోజుల బాకీ నువ్వింకా తీర్చనేదన్నా."

"తీరుస్తానన్నప్పుడల్లా ఉండనీ అన్నది నువ్వే గదా. ఇరవై రెండేల్ల బట్టి అంటన్నావు."

"అప్పుడు మోకాలు బాగుండీది," అని లేవబోయింది.

"ఆంటీ, ఉండండి," అంది మణిమాల.

దాని ముఖం మారిపోయింది. ఫోనులో ఒక ఫోటో తీసి మా అందరి మధ్యా పెట్టింది. కొబ్బరిచెట్ల ముందు బూడిద రంగు ట్యాంకు. దాని మీద మూరెడేసి నీలం అక్షరాలు.

"ఏటని రాసుంది?" అంది సింహాచలమ్మ.

"తిమోతి కుటుంబం అని. ట్యాంకుకి స్థలం ఇచ్చిన పెద్దాయన. పై వాడ మనిషి." దాని గొంతు చిన్నదైంది. "పేరు రాయించింది నేనే నాన్నా. కంపెనీ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఇక్కడ బెంచీ మీద దాత పేరుంటుంది, పగోడా మెట్టు మీదుంటుంది, మన కుండల మీదుంది. స్థలం ఇచ్చినాయన పేరు రాయకపోతే మర్యాద కాదనుకున్నాను. రంగు కూడా నేనే కొన్నాను."

కోటిబాబు ఫోటో వైపు వంగాడు.

మణిమాల సెలీనాకి ఫోన్ చేసింది. కింది వాడ చర్చిలో ఆడవాళ్ల సంఘానికి పెద్ద ఆవిడ. రెండుసార్లు కలిసి తెగిపోయింది. మూడోసారి నిలిచింది. వాళ్లు మాట్లాడుకునేది ఒక రకం ఇంగ్లీషు. మధ్యమధ్యలో మణిమాల మాకు చెబుతూ వచ్చింది.

ట్యాంకు మీద పేరు గురించి అడిగింది. అటువైపు కోళ్ల అరుపుల మధ్య ఆమె గొంతు వచ్చింది.

"నువ్వు రాయించావు," అందట సెలీనా. "ఆఫీసు వాళ్లు దాన్ని తిమోతికి ఇచ్చేశారనుకున్నాం. పేరున్న నీళ్లు అడక్కుండా తీసుకుంటే దొంగతనం. రోజూ వెళ్లి అడగడం సిగ్గు."

"ఆయన వద్దన్నాడా?"

"అనలేదు. తాళం కూడా వెయ్యలేదు. రమ్మనీ అనలేదు. రమ్మంటే తనదని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయన భయం. ఆయన పిలవలేదని మా బాధ."

"అన్ని మీటింగులు పెట్టాను సెలీనా. ఒక్కసారి చెప్పలేదేం?"

ఈసారి ఆమె నవ్వు మాక్కూడా వినబడింది. "నువ్వు మా అతిథివి. ఎండలో నిలబడి అంత ముద్దుగా రంగు వేయిస్తున్నావు. ఎలా చెప్పమంటావు?"

ఫోను పెట్టాక కూడా మణిమాల దాన్ని చేతిలోంచి వదల్లేదు. మార్గరెట్ వెళ్లేటప్పుడు మణిమాల తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లింది.

"సరే. తప్పేటో తెలిసింది," అన్నాడు కోటిబాబు మెల్లగా. "రంగు గీకేయమని చెప్పు. నీళ్లు తాగుతారు. నువ్వు సంతకం పెట్టు. అందరికీ మంచిది."

"కాగితంలో తప్పు వాళ్లదని ఉంది అన్నయ్యా."

"నీదని రాస్తే నిన్నింక ఎవరు పిలుస్తారు?"

"వాళ్లదని రాస్తే వాళ్ల దగ్గరికి ఎవరెళ్తారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఇలాంటప్పుడు మా నాన్నయితే ఏదో ఒకటి గట్టిగా చెప్పేవాడు. నాకు అంత చదువూ లేదు, అంత ధైర్యమూ లేదు.

"నాను సెప్పలేనమ్మా," అన్నాను. "ఆకు ఏసినది నాను. గర్వం అంటగట్టినది మోసేకి. ముప్పై ఏల్లు అలగే అనుకున్నాను. నానేటి సెప్తాను?"

మణిమాల కిటికీ దగ్గర కూర్చుని రాసింది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది, పోయింది. నాలుగు గంటలకి పంపింది. సంతకం పెట్టింది, కంపెనీ కాగితం మీద కాదు, తను రాసినదాని మీద. పేరు రాయించింది నేను, తప్పు నాది, నువాలేని లిస్టులో పెట్టొద్దు అని.

కోటిబాబు అన్నం ముందు నుంచి లేచి కొట్టుకి వెళ్లిపోయాడు. సింహాచలమ్మ వాడి కంచం మీద మూత పెట్టి అలాగే ఉంచింది.

మర్నాడు తెల్లవారుతూనే నేను రెండు బకెట్లు తీసుకుని కిందికి దిగాను. తొట్టెలో ముంచి, నాలుగంతస్తులు ఎక్కి, మార్గరెట్ తలుపు కొట్టాను.

ఆమె బకెట్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏటిది?"

"ఒకటో రోజు."

"ఆకు ఏసినావేటి?"

"నేదు."

"మరైతే పొయ్యి," అని డ్రమ్ము మూత తీసింది.

అరవై నాలుగేళ్ల మోకాళ్లకి నాలుగంతస్తులంటే తక్కువ కాదు. రెండో అంతస్తు దాటాక ఊపిరి ఛాతీలో గుచ్చుకునేది. మోషే ఈ మెట్లన్నీ ఎండిన నోటితో ఎక్కేవాడు కదా అని ప్రతి మలుపులోనూ అనిపించేది. నారాయణ అనుకుంటూ ఎక్కేవాణ్ని. మొదటి రెండు రోజులూ మా ఆవిడ దెప్పింది. "ఇరవై రెండేల్లు ఊరుకుని, నడుం వంగినాక తీరుస్తన్నాడు బాకీ." మూడోరోజు నుంచి నేను దిగి వచ్చేసరికి వేడినీళ్లలో ముంచిన గుడ్డ సిద్ధంగా ఉండేది.

కంపెనీ జవాబు ఆరోరోజు వచ్చింది. మణిమాల కాంట్రాక్టు పొడిగించడం లేదు. తను రాసినది పరిశీలనలో ఉంటుంది. నువాలే గురించి ఒక్క మాటా లేదు.

"పరిశీలన అంటే?" అని అడిగాను.

"ఎవరో ఒకరు ఎప్పుడో చదువుతారని, నాన్నా."

అది ఏడవలేదు. ఆ రాత్రి వాళ్లమ్మ పక్కన పడుకుంది, చిన్నప్పటిలాగా. కోటిబాబు ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడోరోజు పొద్దున మాత్రం మెట్ల దగ్గర నా చేతిలో బకెట్టు అందుకోబోయాడు. "ఒద్దురా. ఇది నాది," అన్నాను. పక్కకి తప్పుకున్నాడు.

పదోరోజు నేను బకెట్లు తీసుకుంటుంటే మణిమాల ఫోను మోగింది. సెలీనా. మణిమాల నిలబడే వింది. వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది.

"ఏటంట?" అంది సింహాచలమ్మ.

"తిమోతి ఒప్పుకున్నాడంటమ్మా. పేరు తన చేత్తోనే గీకేస్తానన్నాడు." అది సంతోషంగా చెప్పవలసిన మాట. దాని గొంతులో సంతోషం లేదు. "కానీ ఒక్కడే చెయ్యడంట. కింది వాడ వాళ్లు బలవంతం చేస్తే చేశాడని ఆయన కొడుకులు గొడవ పెడతారంట. పేరు రాసిన మనిషి వచ్చి, రెండు వాడల ముందూ నిలబడి, ఇది నేను రాసిన తప్పు అని చెప్పాలంట. అప్పుడు గీకుతాడు. వానలు మొదలయ్యేలోపు రమ్మంటున్నారు."

"ఎల్లకపోతే?"

"పేరు అలాగే ఉంటుంది. ట్యాంకు నిండుతుంది. వాళ్లు బావికి వెళ్తారు."

ఉద్యోగం లేదు. పంపేవాళ్లు లేరు. అంత దూరం సముద్రం దాటి సొంత డబ్బుతో వెళ్లి రావడం మా ఇంట్లో ఎవరూ ఎరగని పని. మణిమాల నేల వైపే చూస్తోంది. సింహాచలమ్మ నా వైపు చూసింది.

చెప్పుల్లో కాలు పెట్టబోతున్న కోటిబాబు గుమ్మం దగ్గర ఆగాడు. నాలుగు రోజుల తర్వాత వాడి గొంతు విన్నాం.

"ఎన్ని విమానాలు మారాలి?" అన్నాడు.

మణిమాల తలెత్తి వాడి వైపు చూసింది. వాడు చెప్పులు వదిలేసి, వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాడు.

వాళ్లిద్దర్నీ అలా వదిలేసి నేను కిందికి దిగి, బకెట్లు నింపుకుని ఎక్కాను. మార్గరెట్ తలుపు తీసే ఉంచింది. నేను పోస్తుంటే డ్రమ్ము అంచు దాకా వచ్చి నిలిచాయి నీళ్లు. ఆమె లోటాతో పై నీళ్లు ముంచుకుని, నిలబడే తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాకీ సెల్లిపోనాదన్నా," అంది, ఖాళీ బకెట్లు నా చేతికిస్తూ.